ఎప్పుడో చేసిన క్రూయిజ్ ప్రయాణాలకు ఇప్పుడు లాయల్టీ క్రెడిట్ రాబట్టుకోవడం ఎలా?

"పదిహేనేళ్ల కిందట ఓడెక్కాం. అప్పట్లో మెంబర్‌షిప్ సంగతే తెలియదు. ఆ రాత్రులు ఇప్పుడు కలుపుతారా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు క్రూయిజ్ కంపెనీలు రాత్రుల్నో ప్రయాణాల్నో లెక్కపెట్టి సభ్యత్వంలో స్థాయిలు ఇస్తాయి, ఆ లెక్కలో పడేదే లాయల్టీ క్రెడిట్. చాలా సందర్భాల్లో కలుపుతారు. కాకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "చాలా ఏళ్ల కింద వచ్చాం, ఒకసారి చూడండి" అంటే మాత్రం ఏమీ దొరకదు. అవతలి మనిషికి ఓడ పేరు, బయల్దేరిన తేదీ, బుకింగ్‌లో రాయించిన పేరు ఉంటేనే వెతకడం కుదురుతుంది. ఆ మూడింటినీ మీరే తవ్వి తీసి, వాళ్లకు వెతికే పని తగ్గించాలి. కింద చెప్పేదంతా దాని కోసమే.

1. ముందు లెక్క వేసుకోండి: ఈ శ్రమ మీకు పనికొస్తుందా?

పాత ప్రయాణం కలిసినా మీ స్థాయి మారకపోతే, దానికోసం ఆదివారాలు పాడుచేసుకోవడం అనవసరం. అందుకే మొదట మీ కంపెనీ దేన్ని లెక్కపెడుతుందో చూడండి. అన్నీ ఒకేలా లెక్కపెట్టవు.

రాయల్ కరీబియన్ వారి క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీలో రాత్రికి ఒక పాయింటు, సూట్ (పెద్ద గది) తీసుకుంటే రెండు. 3 పాయింట్లకు గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్. మీ ఖాతాలో 73 ఉండి, ఎప్పుడో చేసిన ఏడు రాత్రుల ప్రయాణం అందులో లేకపోతే, సరిగ్గా ఆ ఏడే మిమ్మల్ని డైమండ్‌కి చేర్చాలి. అక్కడ పట్టుబట్టాల్సిందే. అదే మీకు 12 ఉండి, పోయినవి నాలుగైతే ఏమీ మారదు.

డిస్నీ వారి క్యాస్ట్‌అవే క్లబ్‌లో రాత్రులు కాదు, ప్రయాణాల సంఖ్య ముఖ్యం. ఐదు పూర్తయితే గోల్డ్, పది పూర్తయితే ప్లాటినం. మూడు రాత్రుల చిన్న ట్రిప్పు కూడా అక్కడ ఒక నిండు ప్రయాణమే. ప్రిన్సెస్ వారి క్యాప్టెన్స్ సర్కిల్ ప్రయాణాల సంఖ్యనీ, సముద్రం మీద గడిపిన రోజులనీ రెండింటినీ చూస్తూ వచ్చింది. హాలండ్ అమెరికాలో రోజులే ప్రధానం.

ఎంఎస్‌సీ క్రూయిజెస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. అక్కడ మూడేళ్లలో మళ్లీ ఓడెక్కకపోతే సభ్యత్వం చెల్లిపోతుంది. కాబట్టి పాతవి వెతికే ముందు అసలు కార్డు బతికుందో లేదో చూసుకోండి.

2. రెండో ఖాతా ఉందేమో వెతకండి

నా దృష్టిలో ఈ గైడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. కనిపించకుండా పోయిన ప్రయాణాల్లో చాలావరకు నిజంగా పోయినవి కావు. మీ పేరుతోనే ఉన్న మరో మెంబర్‌షిప్ నంబరు కింద పడి ఉంటాయి.

నాకూ ఇలాగే జరిగింది. ఒక కంపెనీ ఖాతాలో రెండు ప్రయాణాలు కనిపించలేదు. రుజువులు కూడబెట్టి నెలకు పైగా ఉత్తరాలు రాశాను. చివరికి ఒక పాత క్యాబిన్ కార్డు (ఓడలో గది తాళంగా వాడేది) దొరికింది, దాని మీద నేనెప్పుడూ చూడని నంబరు ఉంది. మొదట్లో ఇంటిపేరును పొడి అక్షరంతో రాయించాను, తర్వాత పూర్తిగా రాయించాను. వాళ్ల కంప్యూటర్ దృష్టిలో మేమిద్దరం వేరు వేరు మనుషులం! ఆ నంబరు చెప్పాక నాలుగు రోజుల్లో పని అయిపోయింది. ముందే ఆ కార్డు చూసుకుంటే ఆ నెల రోజుల టెన్షన్ ఉండేది కాదు.

ఖాతాలు రెండుగా చీలిపోవడానికి మామూలుగా ఉండే కారణాలు:

- పెళ్లికి ముందు ఇంటిపేరు, తర్వాత ఇంటిపేరు
- పొడి అక్షరాలు ఒకసారి, పూర్తి పేరు ఒకసారి
- సొంత పేరు, ఇంటిపేరు తారుమారుగా పడటం
- ఇప్పుడు వాడని పాత ఆఫీసు ఈమెయిల్
- భార్యాభర్తలిద్దరికీ ఒకే ఈమెయిల్ ఇవ్వడం, దాంతో ప్రొఫైల్ ఒకరికే అతుక్కోవడం
- ట్రావెల్ ఏజెంట్ మీ నంబరు వేయకుండా బుక్ చేయడం
- పుట్టిన తేదీలో రోజు, నెల అటూ ఇటూ కావడం

చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలామందిని పట్టి పీడిస్తుంది. ఏప్రిల్ 7 కాస్తా జూలై 4 అయిపోతుంది. పన్నెండో తేదీ లోపు పుట్టినవాళ్లు దీన్ని తప్పకుండా అనుమానించాలి.

వెతికే వరుస ఇది. వెబ్‌సైట్‌లో లాగిన్ అయి పాత ప్రయాణాల జాబితా తెరిచి, ఏవి ఉన్నాయో ఏవి లేవో రాసుకోండి. తర్వాత పాత ఈమెయిల్ ఖాతాలన్నిటిలో కంపెనీ పేరుతోనూ, ఓడ పేరుతోనూ వెతకండి. "మళ్లీ రండి" అంటూ వచ్చిన ప్రచార ఈమెయిల్ అడుగున కూడా మెంబర్‌షిప్ నంబరు ఉండొచ్చు. ఆ తర్వాత సొరుగుల్లోని పాత కార్డులు చూడండి. రెండో నంబరు దొరికితే మీరు అడగాల్సింది క్రెడిట్ కాదు, "ఈ రెండు ఖాతాలనూ కలపండి" అని. అది చాలా తేలికైన పని, రుజువులు కూడా పెద్దగా అడగరు.

3. ప్రయాణానికి ఒక వరుస చొప్పున జాబితా రాయండి

రెండో ఖాతాతో పని తీరకపోతే కాగితం మీదో, ఎక్సెల్‌లోనో జాబితా మొదలుపెట్టండి. ఒక్కో ప్రయాణానికి ఇవి కావాలి:

☐ అప్పట్లో ఓడకున్న పేరు
☐ ఓడ బయల్దేరిన తేదీ, ఏ రేవు నుంచి
☐ ఎన్ని రాత్రులు
☐ బుకింగ్ నంబరు (దొరికితే)
☐ క్యాబిన్ నంబరు, సూటా కాదా
☐ బుకింగ్‌లో ఉన్న పేరు, అక్షరం పొల్లుపోకుండా
☐ క్యాబిన్‌లో మీతో ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల మెంబర్‌షిప్ నంబర్లు

తేదీ దగ్గర జాగ్రత్త. వాళ్లకు కావాల్సింది మీరు ఇల్లు వదిలిన రోజు కాదు, విమానం ఎక్కిన రోజూ కాదు, ఓడ రేవు వదిలిన రోజు. ఒక రోజు అటూ ఇటూ అయితే "అలాంటి సెయిలింగ్ లేదు" అనే జవాబే వస్తుంది.

ఓడ పేరుతో ఇంకా పెద్ద చిక్కు. ఓడలు చేతులు మారతాయి, పేర్లు మారతాయి, కొన్నిసార్లు పాత పేరే కొత్త ఓడకు పెడతారు. ప్రిన్సెస్ వాళ్లకు రాయల్ ప్రిన్సెస్ పేరుతో వేర్వేరు కాలాల్లో మూడు ఓడలు నడిచాయి. మొదటిది 1984 నాటిది, రెండోది 2007లో ఆ పేరు పెట్టుకుంది, మూడోది 2013లో వచ్చింది. రాయల్ కరీబియన్ వారి నార్డిక్ ఎంప్రెస్ 2004లో ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది, తర్వాత పుల్‌మంటూర్ కంపెనీకి వెళ్లింది, 2016లో మళ్లీ వెనక్కి వచ్చింది. నార్వేజియన్ స్కై 2004లో ప్రైడ్ ఆఫ్ అలోహా అయి, 2008లో మళ్లీ నార్వేజియన్ స్కై అయింది. ఇలాంటి ఓడల్లో పుల్‌మంటూర్ చేతిలో ఉన్నప్పుడు చేసిన ప్రయాణాన్ని రాయల్ కరీబియన్‌ని అడిగి లాభం ఉండదు. అందుకే ఈనాటి పేరు కాదు, మీరు ఎక్కిన రోజున ఓడ మీద రాసి ఉన్న పేరే రాయండి.

తేదీ గుర్తు లేకపోతే ఎక్కడ దొరుకుతుంది? పాస్‌పోర్ట్ ముద్రలు, ఆ నెల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు, ఆఫీసులో పెట్టిన సెలవు, బంధువులకు పంపిన ఫోటోల ఈమెయిల్. డిజిటల్ ఫోటోల్లో తేదీ దాగి ఉంటుంది గానీ పాత కెమెరాల్లో గడియారం సరిగా పెట్టనివాళ్లే ఎక్కువ. రేవులో తీసిన ఫోటోకి అర్ధరాత్రి సమయం పడి ఉంటే ఆ కెమెరాని నమ్మకండి.

4. రుజువుల్లో ఏది బలమైనది, ఏది కాదు

అన్నీ కట్టగట్టి పంపేయొద్దు. ఒక్కో ప్రయాణానికి ఒకటి, మహా అయితే రెండు. ఇరవై ఫోటోల అటాచ్‌మెంట్ చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది.

అన్నిటికన్నా బలమైనవి బుకింగ్ నంబరు ఉన్న ఇన్‌వాయిస్ లేదా కన్ఫర్మేషన్, ప్రయాణం చివర క్యాబిన్‌లో ఇచ్చే ఫైనల్ బిల్లు. ఆ బిల్లులో పేరు, క్యాబిన్, ఓడ, తేదీలు అన్నీ ఒకే కాగితం మీద దొరుకుతాయి. పైగా మీరు నిజంగా ఓడెక్కారని కూడా అది చెబుతుంది. ఇన్‌వాయిస్‌తో ఆ మాట రుజువు కాదు, బుక్ చేసి మానుకున్నవాళ్లూ ఉంటారు కదా.

తర్వాత క్యాబిన్ కార్డులు. రాయల్ కరీబియన్‌లో సీపాస్, కార్నివాల్‌లో సెయిల్ అండ్ సైన్, డిస్నీలో కీ టు ద వరల్డ్ అంటారు. జ్ఞాపకంగా దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు. కార్డు మీద తేదీలో సంవత్సరం కూడా ఉందో లేదో చూసి, రెండు వైపులా ఫోటో తీయండి. సామానుకి కట్టిన ట్యాగులు, రోజూ క్యాబిన్‌లో పెట్టే కార్యక్రమాల పత్రికా ఈ కోవలోవే. రాయల్ కరీబియన్‌లో క్రూయిజ్ కంపాస్, ప్రిన్సెస్‌లో ప్రిన్సెస్ ప్యాటర్ అనే పేర్లతో వచ్చేవి. అయితే పత్రిక మీద మీ పేరుండదు, తేదీ పట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

ఫోటోలు ఒంటరిగా బలహీనం. ఓడ ఫోటోగ్రాఫర్ తీసిన, ఓడ పేరూ తేదీ అచ్చయిన ఫోటో అయితే కొంత నయం.

చాలామందికి తట్టని రుజువు ఒకటుంది: మీతో ప్రయాణించిన మనిషి. అదే క్యాబిన్‌లో ఉన్న మీ అన్నకో స్నేహితురాలికో ఆ ప్రయాణం క్రెడిట్ అయి ఉంటే, ఆ బుకింగ్ కంపెనీ రికార్డులో ఉన్నట్టే. వాళ్ల అనుమతితో వాళ్ల మెంబర్‌షిప్ నంబరు ఇచ్చి "అదే క్యాబిన్‌లో రెండో ప్రయాణికుణ్ణి నేనే" అని రాయండి. నాకు తెలిసి ఇంతకన్నా త్వరగా పనిచేసేది లేదు.

ట్రావెల్ ఏజెంట్ ద్వారా వెళ్లి ఉంటే ముందు వాళ్లనే అడగండి. పాత ఇన్‌వాయిస్ వాళ్ల దగ్గర ఉండొచ్చు.

పంపే ముందు ఒక జాగ్రత్త: పాస్‌పోర్ట్ నంబరు, కార్డు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటులోని మిగతా లావాదేవీలు నల్లగా కప్పేయండి. ముద్ర ఉన్న పేజీ చాలు, వివరాల పేజీ వాళ్లు అడిగితేనే ఇవ్వండి.

5. కంపెనీయే చేతులు మారి ఉంటే

ఇక్కడ ఆశ, నిరాశ రెండూ ఉన్నాయి.

యాజమాన్యం ఒకటే అయినంత మాత్రాన పాయింట్లు కలవవు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కునార్డ్, కార్నివాల్ ఒకే గొడుగు కింద ఉన్నా వాటి లాయల్టీ పథకాలు వేరు. అయితే ఒకే గ్రూపులోని రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ కంపెనీలు 2024లో స్టేటస్ మ్యాచ్ తెచ్చాయి. అంటే ఒకచోట ఉన్న స్థాయికి సమానమైనది రెండోచోట ఇస్తారు. పాత సెలబ్రిటీ ప్రయాణం మీ సెలబ్రిటీ ఖాతాలోకి ముందు చేరితేనే ఆ సమానత్వం పనిచేస్తుంది. కాబట్టి అడగాల్సింది సెలబ్రిటీని, రాయల్ కరీబియన్‌ని కాదు.

బ్రాండును పూర్తిగా మింగేసిన చోట కొంత ఆశ ఉంటుంది. పీ అండ్ ఓ క్రూయిజెస్ ఆస్ట్రేలియా 2025 మార్చిలో కార్నివాల్‌లో కలిసిపోయింది. పసిఫిక్ ఎన్‌కౌంటర్ కార్నివాల్ ఎన్‌కౌంటర్ అయింది. క్రిస్టల్ 2022లో ఆగిపోయి 2023లో కొత్త యాజమాన్యంతో మళ్లీ బయల్దేరింది, పాత క్రిస్టల్ సొసైటీ సభ్యుల్ని గుర్తించింది. ఇలాంటి చోట కొత్త కంపెనీ లాయల్టీ విభాగానికే రాయాలి.

దివాలా తీసి మూతపడినవాటి సంగతి వేరు. 2000లో ప్రీమియర్, 2001లో రెనసాన్స్, 2020లో క్రూయిజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ పోయాయి. వాటి ఓడలు ఇంకొకరి చేతికి వెళ్లినా ప్రయాణికుల లెక్కలు వాటితో వెళ్లలేదు. వీటి మీద సమయం వృథా చేసుకోకండి.

6. ఉత్తరం రాయడం

లాగిన్ అయ్యాక లాయల్టీ పేజీలో "కనిపించని ప్రయాణం" కోసం ఫారం ఉంటే అదే వాడండి. లేకపోతే లాయల్టీ విభాగం ఈమెయిల్‌కి, మీ ఖాతాలో నమోదైన ఈమెయిల్ నుంచే పంపండి. వేరే ఈమెయిల్ నుంచి పంపితే మీరెవరో తేల్చడానికే వారం పోతుంది.

ఇంగ్లీషులో రాసినా సారాంశం ఇలా ఉండాలి:

విషయం: పాత ప్రయాణాలకు క్రెడిట్ కోసం వినతి, మెంబర్‌షిప్ నంబరు ఫలానా
పేరు: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు. పాత బుకింగ్‌లో ఉన్న పేరు వేరైతే అదీ
పుట్టిన తేదీ: నెల అక్షరాల్లో
కనిపించని ప్రయాణాలు: ఓడ, బయల్దేరిన తేదీ, రేవు, రాత్రులు, క్యాబిన్, బుకింగ్ నంబరు (ఒక్కోటి ఒక్కో వరుసలో)
జత చేసినవి: ప్రయాణం 1కి ఫైనల్ బిల్లు, ప్రయాణం 2కి క్యాబిన్ కార్డు
అడిగేది: ఈ ప్రయాణాలను నా ఖాతాలో చేర్చండి. ఇదే పేరుతో వేరే ఖాతా ఉంటే దీనిలో కలపండి

అంతే. పెళ్లిరోజు ఆ ఓడలోనే జరుపుకున్నామనీ, ఎంతో నమ్మకంగా ఉన్నామనీ రాయాలనిపిస్తుంది. రాయకండి. వాళ్లకు కావాల్సిన వరుస ఆ కబుర్ల మధ్య కనబడకుండా పోతుంది.

పేరు మారి ఉంటే దాని రుజువు కూడా జతచేయండి. అటాచ్‌మెంట్లకు ఓడ పేరు, తేదీతోనే పేర్లు పెట్టండి. కెమెరా ఇచ్చిన అంకెలతో పంపితే ఏది దేనిదో ఎవరికీ తెలియదు.

7. ఎప్పుడు పంపాలి, ఎంత ఆగాలి

కొత్త బుకింగ్ చేసే ముందే పంపడం మేలు. స్థాయిని బట్టి ఇచ్చే తగ్గింపులు బుకింగ్ సమయంలో చూసుకుంటారు, తర్వాత వెనక్కి ఇస్తారని నమ్మకం పెట్టుకోవద్దు.

పంపాక వచ్చే రిఫరెన్స్ నంబరు రాసుకోండి. నాలుగు వారాలు ఆగి, ఆ నంబరుతోనే, అదే ఈమెయిల్ వరుసలోనే గుర్తుచేయండి. మూడు రోజులకోసారి కొత్త వినతి పంపితే మూడు ఫైళ్లు తయారవుతాయి, ఒక్కోటి ఒక్కొక్కరి బల్ల మీదకు వెళుతుంది.

ఓడ మీదే లాయల్టీ డెస్కు ఉంటుంది కదా, అక్కడ అడగొచ్చా అంటే అడగొచ్చు. కాగితాలు తీసుకెళ్లండి, మొదటి రోజు రద్దీ తగ్గాక వెళ్లండి. కానీ పాత రికార్డులు తేల్చేది సాధారణంగా ప్రధాన కార్యాలయమే. డెస్కులో ఉన్నవాళ్లు మీ తరఫున పంపగలరు, అంతవరకే.

8. "కుదరదు" అని జవాబొస్తే

"రికార్డు దొరకలేదు" అంటే తేదీ, ఓడ పేరు, ఇంటిపేరు ఈ మూడింటిలో ఒకటి తప్పు కావచ్చు. ముందు ఆ మూడూ మళ్లీ చూసి, పాత ఇంటిపేరుతో వెతకమని అడగండి. తోటి ప్రయాణికుడి నంబరు ఇంకా ఇవ్వకపోతే ఇప్పుడివ్వండి.

"ఆ ప్రయాణానికి అర్హత లేదు" అంటే కారణం అడగండి. ఓడ మొత్తాన్ని ఒక సంస్థ చార్టర్‌కి తీసుకున్న ప్రయాణాలు, ఉద్యోగిగా ఓడలో పనిచేసిన కాలం, కొన్ని ప్రత్యేక రేట్లు లెక్కలోకి రాకపోవచ్చు. అలాంటప్పుడు వాదించి లాభం లేదు.

"గడువు దాటింది" అంటే ఆ నిబంధన ఎక్కడుందో చూపమని మర్యాదగా అడగండి. నిజంగా రాసి ఉంటే వదిలేయండి. ఎంఎస్‌సీ లాంటి కొన్ని కంపెనీలు వేరే కంపెనీల స్థాయిని చూసి స్టేటస్ మ్యాచ్ ఇస్తాయి. పాత తగాదా కన్నా ఆ దారే దగ్గర కావచ్చు.

మళ్లీ రాసేటప్పుడు కొత్త రుజువు ఒక్కటైనా ఉండాలి. అదే ఉత్తరాన్ని మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది.

9. చేరాక సరిచూసుకోండి

"అప్‌డేట్ చేశాం" అనే ఈమెయిల్ చూసి ఆగిపోవద్దు.

☐ ప్రతి ప్రయాణం జాబితాలో విడిగా కనిపిస్తోందా
☐ రాత్రుల సంఖ్య సరిపోయిందా, సూట్ పాయింట్లు పడ్డాయా
☐ ఒకే ప్రయాణం రెండుసార్లు పడలేదు కదా
☐ మీ స్థాయి దానికి తగ్గట్టు మారిందా
☐ ముందున్న బుకింగ్‌లో ఏ మెంబర్‌షిప్ నంబరు ఉంది

పాయింట్లు మీ లెక్కకు సరిపోకపోతే వెంటనే తప్పు అనుకోకండి. ప్రయాణం జరిగిననాటి నియమాలు వేరై ఉండొచ్చు. రాయల్ కరీబియన్ రాత్రికి ఒక పాయింటు పద్ధతికి 2011లో వచ్చింది, అంతకుముందు ప్రయాణానికి ఇన్ని అని క్రెడిట్లు ఇచ్చేది. రెండుసార్లు పడి ఉంటే మీరే చెప్పండి. తర్వాత వాళ్లు కనిపెట్టి తీసేస్తే, ఆ స్థాయి చూసుకుని చేసిన బుకింగ్ ఇబ్బందిలో పడుతుంది.

చివరి గడిని అందరూ మరిచిపోతారు. రెండు ఖాతాలు కలిపినప్పుడు ఒక నంబరు మూసేస్తారు. వచ్చే ప్రయాణం ఆ మూసేసిన నంబరుతో బుక్ అయి ఉంటే, ఆ రాత్రులు కూడా కనిపించకుండా పోతాయి, మీరు మళ్లీ మొదటి మెట్టు దగ్గర ఉంటారు. ఏజెంటుకి కొత్త నంబరు చెప్పి, బుకింగ్ కాగితం మీద అది అచ్చయిందో లేదో కళ్లతో చూడండి. ఓడ దిగాక ఫైనల్ బిల్లును ఫోటో తీసి ఈమెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. రెండు వారాల తర్వాత ఖాతా తెరిచి ఆ రాత్రులు పడ్డాయో లేదో చూడండి.